రాళ్ల దారికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎందుకు ఎంచుకున్నాను

నిటారైన ఎక్కుడులో ముందు చక్రం బండరాయికి ఆని ఆగిపోయినప్పుడు, మాన్యువల్ బండిని సగం క్లచ్ మీద ఎక్కించబోయి, క్లచ్ కాలిన వాసన ముక్కుకు తగిలిన రోజునే నా ఆలోచన మారింది. ఆటోమేటిక్‌లో ఆ క్లచ్ స్థానంలో ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించేది ఆయిలే కనుక, చక్రం కదలకపోయినా ఒరిపిడికి అరిగే క్లచ్ ప్లేటు ఉండదు. పైగా బయలుదేరే క్షణంలో అది టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, దాదాపు 2 రెట్లు చేస్తుంది.

అయితే ఆయిల్ ద్వారా శక్తి అందేటప్పుడు ఇంజిన్ వైపు వేగంగా, గేర్‌బాక్స్ వైపు నెమ్మదిగా తిరుగుతాయి; ఆ జారుడు వల్ల వేడి పుడుతుంది. ఆయిల్ 120 డిగ్రీల సెల్సియస్ దాటితే త్వరగా పాడవుతుంది కాబట్టి, ఇసుకలో తరచుగా తిరిగేవారు విడిగా ఆయిల్ కూలర్ పెట్టించుకోవాల్సిందేనని నా అభిప్రాయం. దిగుడులో ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజినే బండి వేగాన్ని తగ్గించడం) మాన్యువల్‌లో ఉన్నంత గట్టిగా ఉండదు. లో-రేంజ్‌లో (వేగం తగ్గించి బలం పెంచే 4x4 గేరు వరుసలో) మొదటి గేరును పట్టి ఉంచే వీలుందో లేదో కొనేముందే నడిపి చూడాలి. ఏఎంటీని (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే క్లచ్‌ను, గేర్లను యంత్రం నడిపే రకాన్ని) మాత్రం ఇదే రకమనుకోకండి. అందులో ఉన్నది మళ్లీ ఆ క్లచ్చే.