విల్లు అమ్మేసిన ఆదివారం

ఆదివారం, రాత్రి.

పొద్దుటి నుంచి ముసురే. ధవళేశ్వరం దగ్గర గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక మట్టం కంటే, అంటే 11.75 అడుగుల కంటే కిందికి దిగిందని టీవీలో చెప్పాక అమ్మ కాస్త కుదుటపడింది. ఇవాళ కొబ్బరి దింపు ఉండాలి. చెట్లన్నీ నానిపోయి ఉన్నాయి. మేస్త్రి ఫోన్ చేసి "ఇయ్యాల ఎక్కలేమండి, రెండ్రోజులు ఎండ కాశాక చూద్దామండి" అన్నాడు. అలాగే కానివ్వమన్నాను. తడిసిన చెట్టు ఎక్కమని ఎవర్నీ అడగకూడదు. దాంతో రోజంతా చేతిలో మిగిలింది.

అక్క కొడుకు నిన్న సాయంత్రం పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా బస్సులో దిగాడు. ఇంటర్ అయిపోయింది, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం చూస్తున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ వాడి కన్ను నా లాప్‌టాప్ మీదే. స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట మొదటిసారి ఆడబోతున్నాడు. 2011 నవంబరు 11న వచ్చిన ఆట అది. అప్పటికి వీడు పలకా బలపం కూడా పట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక కుర్రాడు కొత్తగా ఆ లోకంలో అడుగుపెడుతుంటే పక్కన కూర్చుని చూడటం నాకు పండగే.

పొద్దున అంబాజీపేట వెళ్ళి పొట్టిక్కలు తెచ్చాను. పనసాకు బుట్టలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఆకు ఒక్కో రెక్కా విప్పుతుంటే పిండి మీద ఈనెల గుర్తులు గీతలుగా కనిపిస్తాయి, ఆ గీతల దగ్గరే ఆకు వాసన ఎక్కువ. వాడికి ఇవేం పట్టలేదు. ఒక చేత్తో చట్నీలో ముంచుకుంటూ ఇంకో చేత్తో నోట్‌బుక్ తెరిచాడు. వీడియోలు చూసి బిల్డ్ మొత్తం, అంటే ఆటలో తన పాత్రని ఎలా పెంచాలో, రాసుకొచ్చాడు. ఏ జాతి తీసుకోవాలి, మొదటి పెర్క్ (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు శక్తి) ఏది, ముప్ఫయ్యో లెవెల్‌కి ఏ మంత్రాలుండాలి, ఏ కవచం వెయ్యాలి, అన్నీ. ఆట ఇంకా మొదలే పెట్టలేదు. సంగతి కనుక్కుని అమ్మ "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం వాడి ఉత్సాహం నచ్చింది. బిల్డ్ రాసుకోవడం కూడా ఆటలో భాగమే. కాకపోతే ఆ నోట్‌బుక్‌లో ఉన్న మనిషి వీడు కాదు, ఎవరో వీడియో చేసినతను. ఆ మాట అప్పుడే అనలేదు. ఆట మొదలుపెట్టమన్నాను.

నోట్‌బుక్ ప్రకారం హై ఎల్ఫ్ జాతిని తీసుకున్నాడు. మ్యాజికా, అంటే మంత్రాలకి ఖర్చయ్యే శక్తి, యాభై ఎక్కువ ఉంటుంది కాబట్టి మంత్రగాడికి అదే సరైనదని రాసుంది. నిజమే. కానీ స్కైరిమ్‌లో జాతి అంత పెద్ద కట్టుబాటు కాదు. మొత్తం పద్దెనిమిది స్కిల్స్. అన్నీ పదిహేను దగ్గర మొదలవుతాయి. జాతిని బట్టి ఒక దాంట్లో పది, ఇంకో అయిదింటిలో అయిదేసి కలుస్తాయి. ఆ తేడా కొద్ది గంటల్లో కలిసిపోతుంది. ఏ పని చేస్తే ఆ స్కిల్ పెరుగుతుంది. కత్తి దూస్తే కత్తి, తాళం తీస్తే తాళం, బేరమాడితే మాట. ఆ స్కిల్స్ పెరిగితేనే లెవెల్ పెరుగుతుంది. అప్పుడు హెల్త్, మ్యాజికా, స్టామినాల్లో ఒకటి పది పెంచుకుని, ఒక పెర్క్ ఎంచుకుంటాం. అంటే మనం ఎవరో మెనూలో నిర్ణయం కాదు, చేతుల్లో నిర్ణయమవుతుంది.

ఆట మొదలయ్యే హెల్గెన్ కోట లోంచి తప్పించుకునేటప్పుడు వాడి చేతుల్నే గమనించాను. నిప్పు మంత్రం ఒకట్రెండు సార్లు వాడి మానేశాడు. ఎడమ చెయ్యి ఖాళీగా వదిలేసి, కుడి చేత్తో కత్తి పట్టుకుని, ఎదుటివాడు కొట్టబోతుంటే కత్తి అడ్డం పెట్టేవాడు. దెబ్బ ఆగిన చప్పుడు రాగానే తిరిగి కొట్టేవాడు. ఎవరూ చెప్పలేదు, నోట్‌బుక్‌లో అసలే లేదు. దెబ్బని కాచుకోవడంలోనే వాడికి మజా దొరికింది. చిన్నప్పుడు షటిల్ ఆడినా అంతే, స్మాష్ కొట్టేవాడు కాదు, ఎంత గట్టిగా వచ్చినా తిరిగి పంపేవాడు.

బయటపడ్డాక రివర్‌వుడ్ అనే ఊరి దారిలో, కొండ వాలున మూడు రాళ్ళు నిలబడి ఉంటాయి. మంత్రగాడి రాయి, దొంగ రాయి, యోధుడి రాయి. దేన్ని ముట్టుకుంటే ఆ రకం స్కిల్స్ ఇరవై శాతం వేగంగా వస్తాయి. వాడు అక్కడ ఆగిపోయాడు. నోట్‌బుక్ మంత్రగాడి రాయి అంటోంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. అమ్మ టీ పట్టుకొచ్చి "ఆ రాళ్ళ చుట్టూ ప్రదక్షిణం ఏంట్రా?" అని కూడా అడిగింది.

"మావయ్యా, ఏది నొక్కను?"

"స్కిల్స్ తెరిచి చూడరా అల్లుడూ, ఇప్పటిదాకా ఏది పెరిగిందో" అన్నాను.

తెరిచాడు. ఆకాశంలో నక్షత్రాల్లా పరుచుకుంటాయి కదా, ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒంటిచేతి ఆయుధాల వన్ హ్యాండెడ్ పెరిగింది, దెబ్బ కాచుకునే బ్లాక్ ఇంకా బాగా పెరిగింది. నిప్పు మంత్రం వచ్చే డిస్ట్రక్షన్ ఉన్నచోటే ఉంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత యోధుడి రాయి ముట్టుకున్నాడు. కావాలంటే ఎప్పుడైనా వెనక్కొచ్చి మార్చుకోవచ్చని చెప్పాను కానీ, వాడి మొహంలో ఆ టెన్షన్ అప్పటికే పోయింది.

సరిగ్గా అప్పుడే కరెంట్ పోయింది. బ్యాటరీ మిగుల్చుకుందామని లాప్‌టాప్ మూసేసి అరుగు మీద కూర్చున్నాం. చూరు నీళ్ళు కారుతున్నాయి. పాత ఆటల సంగతి అడిగాడు. ఎవరైనా అడగాలే కానీ నాకింక ఆగదు.

ఇదే వరసలో 2002లో వచ్చిన మారోవిండ్‌లో స్కిల్స్ ఇరవై ఏడు. కత్తి ఎదుటివాడి ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కనిపిస్తుంది, కానీ స్కిల్ తక్కువైతే దెబ్బ తగలనట్టే లెక్క. లోపల పాచికలు పడుతుంటాయి. అందుకే మొదట్లోనే మన చెయ్యి ఏ ఆయుధం మీద ఉంటుందో తేల్చుకోకపోతే ఊరి బయట ఎలుక కూడా చావదు. 2006లో ఆబ్లివియన్ వచ్చేసరికి ఇరవై ఒక్క స్కిల్స్. అందులో ఏడు ముఖ్యమైనవిగా ముందే ఎంచుకోవాలి. ఆ ఏడింటిలో కలిపి పది మెట్లు పెరిగితే లెవెల్. మనతో పాటు శత్రువులూ పెరుగుతారు. పరుగు, గెంతడం ముఖ్యమైనవిగా పెట్టుకున్నామనుకోండి, ఊరికే తిరుగుతూ లెవెల్ పెంచేసుకుంటాం. కత్తి మాత్రం మొద్దుగానే ఉంటుంది. కొన్నాళ్ళకి దారిదోపిడీగాళ్ళు గ్లాస్ కవచాలు వేసుకుని ఎదురొస్తారు. దానికి భయపడి, నిజంగా వాడే స్కిల్స్‌ని ముఖ్యమైన వాటిలో పెట్టకుండా దాచుకున్న ఆటగాళ్ళున్నారు. నాకది బాధగా ఉండేది. ఇష్టమైన పనిని పక్కనపెట్టి లెక్కలు చూసుకోవాల్సి రావడం ఆట చేయాల్సిన పని కాదు. స్కైరిమ్ ఆ ముడి విప్పేసింది.

కానీ నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇంకా వెనక ఉంది. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్‌లో సొంత తరగతి, అంటే పాత్ర రకం, తయారుచేసుకునేటప్పుడు బలాలతో పాటు లోపాలు కూడా ఎంచుకోవచ్చు. ఎండలో ఒళ్ళు కాలిపోవాలా, ఫలానా లోహం ముట్టుకోకూడదా, ఫలానా రకం ఆయుధం నిషిద్ధమా, మన ఇష్టం. బలాలు పెంచుకుంటూ పోతే ఎదుగుదల నెమ్మదిస్తుంది, లోపాలు ఒప్పుకుంటే వేగం పెరుగుతుంది. ఏది చేయకూడదో మనమే రాసుకుంటే, ఆట దాన్ని గౌరవించి ప్రతిఫలం ఇస్తుంది. ఇంత చక్కటి ఆలోచన తర్వాతి ఆటల్లో పక్కకి పోయింది. అందుకే ఆ పని ఇప్పుడు మనమే చేసుకోవాలి.

ఎందుకంటే స్కైరిమ్ అన్నీ ఇస్తుంది. దేనికీ అడ్డు చెప్పదు. అడ్డు లేకపోయేసరికి ఎక్కువమంది ఒకే చోటికి చేరతారు, చీకట్లో వంగి నడిచే విలుకాడి దగ్గరికి. ఎవరికీ కనపడకుండా వేసిన బాణానికి రెట్టింపు దెబ్బ, నక్కి నడిచే స్కిల్ స్నీక్ నలభైకి చేరి ఆ పెర్క్ తీసుకుంటే మూడు రెట్లు. తప్పినా కాస్త ఆగితే వాళ్ళు వెతికి వెతికి తిరిగి తమ చోటికి పోతారు. అంత క్షేమమైన దారి ఇంకోటి లేదు. పైగా ఆట మొదట్లోనే మనల్ని అటు తోస్తుంది. హెల్గెన్ కింద గుహలో ఎలుగుబంటి పడుకుని ఉంటుంది కదా, వెంట ఉన్నవాడు తన విల్లు తీసుకోమంటాడు, చప్పుడు చేయకుండా దాటొచ్చు, లేదంటే బాణంతో కొట్టొచ్చు అంటాడు. వంగడం, విల్లు ఒకే పాఠంలో నేర్పేస్తారు. విలుకాడిగా ఆడటం తప్పు కాదు. అది కావాలని ఎంచుకున్నవాళ్ళ ఆట చూడటానికి అందంగా ఉంటుంది. కావాలని ఎంచుకోకుండా జారిపోయి అక్కడ పడటమే నాకు నచ్చదు.

నేను ఎక్కువగా ప్రేమించిన పాత్ర ఆయుధం పట్టేది కాదు. ఎదుటివాళ్ళ మనసు మార్చే ఇల్యూజన్ మంత్రాలే దాని బతుకు. బందిపోట్ల గుడారం పక్కన చీకట్లో నిలబడి ఒకడి మీద కోపం మంత్రం వేస్తే వాడు పక్కవాడి మీద పడతాడు. చివరికి మిగిలినవాడి మీద శాంతి మంత్రం వేసి, వాడి పక్కనుంచే నా పాత్ర నడిచి వెళ్ళిపోతుంటే ఒళ్ళు పులకరించేది. ఇల్యూజన్ యాభైకి చేరాక మంత్రం చప్పుడు కూడా వినపడని పెర్క్ ఉంది, అది వచ్చిన రోజు నిద్ర పట్టలేదు. చిక్కంతా పాత సమాధుల్లో. అక్కడ కాపలా ఉండే డ్రాగర్లు చచ్చి లేచినవాళ్ళు. ఇల్యూజన్ తొంభైకి చేరి, ఆ పెర్క్ తీసుకునేదాకా వాళ్ళ మీద ఈ మంత్రాలేవీ పనిచేయవు. విల్లు తీస్తే అయిపోతుంది. తీయనని అనుకున్నాను కాబట్టి గుమ్మాలు, మెట్లు, ఉచ్చులు అన్నీ చదువుకుంటూ నడిచాను. వాళ్ళని నేలలోని ఉచ్చుల మీదికి రప్పించడం అప్పుడే నేర్చుకున్నాను. ఆ సమాధుల గోడలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయంటే ఆ నియమం వల్లే.

వాడు అంతా విని, "ఎల్డెన్ రింగ్‌లో కూడా ఇంతేనా మావయ్యా?" అన్నాడు. 2022లో వచ్చిన ఆ ఆటలో మొదట పది తరగతులుంటాయి, కానీ అవి ఎక్కడ మొదలవుతామో చెప్పేవే. ఎనిమిది గుణాల్లో దేనికి పాయింట్లు పోస్తే అటు వెళ్తాం. ప్రతి ఆయుధానికీ ఇంత బలం, ఇంత నేర్పు ఉండాలని రాసుంటుంది కాబట్టి అక్కడ అడ్డు ఆటే పెడుతుంది. రెండు చేతులతో పడితే బలం ఒకటిన్నర రెట్లుగా లెక్కపెడుతుందని చెప్పగానే వాడి కళ్ళు మెరిశాయి. అది తర్వాత చూద్దువులే అన్నాను.

కరెంట్ వచ్చింది. మళ్ళీ కూర్చున్నాడు. రివర్‌వుడ్ కొట్టులోకి వెళ్ళి, నేనేమీ అనకుండానే సంచి తెరిచి విల్లూ బాణాలూ మొత్తం అమ్మేశాడు. కమ్మరి దగ్గర డాలు కొన్నాడు. నోట్‌బుక్ బ్యాగులో పెట్టేశాడు, చింపలేదు, మంచిదే. హై ఎల్ఫ్ పుట్టుక, చేతిలో కత్తీ డాలూ. ఎవరి వీడియోలోనూ లేని మనిషి.

బ్లీక్ ఫాల్స్ సమాధిలో పెద్ద సాలీడు దగ్గర ఇరుక్కున్నాడు. విల్లున్నవాళ్ళకి అది తేలిక. సాలీడు గుమ్మం పట్టదు, బయట నిలబడి బాణాలు వేసుకోవచ్చు. వీడు లోపలికే వెళ్ళాలి. విషం ఉమ్ముతుంది, కాళ్ళెత్తి మీదికొస్తుంది. చచ్చాడు, మళ్ళీ చచ్చాడు. "పోనీ నిప్పు మంత్రం?" అన్నాను, వాడి పట్టు చూద్దామని. తల అడ్డంగా ఊపాడు. అమ్మ భోజనానికి పిలిచింది, కదల్లేదు. ఆఖరికి ఉమ్మి వచ్చినప్పుడు పక్కకి జరగడం, కాటు వచ్చినప్పుడు డాలు అడ్డం పెట్టడం వేరువేరు చేశాడు. సాలీడు కూలిపోయాక కుర్చీలోంచి లేచి అమ్మని కావలించుకున్నాడు. ఆవిడకేమీ అర్థం కాలేదు, "చేతులు కడుక్కో ముందు" అంది.

రేపు మధ్యాహ్నం బస్సుకి వెళ్తాడు. సేవ్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. బ్లాక్ ముప్ఫయ్యికి చేరితే ఒక పెర్క్ వస్తుంది, ఎదుటివాడు గట్టి దెబ్బ ఎత్తినప్పుడు డాలు పట్టుకుని ఉంటే కాలం నెమ్మదిస్తుంది. దాని సంగతి చెప్పాను. అది రాగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యమన్నాను.