కాగితం చేతికొచ్చాకే యంత్రం బయటకు తీశాను

మా గోదావరి వైపు మెటల్ డిటెక్టర్ అనగానే జనానికి రెండే గుర్తొస్తాయి. ఒకటి సభల దగ్గర పోలీసులు నిలబెట్టే గుమ్మం, రెండోది లంకెబిందెలు. పాత గుళ్ల దగ్గర, పాడుబడ్డ దిబ్బల మీద గుప్తనిధుల కోసం తవ్వుతూ దొరికిపోయినవాళ్ల వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. అందుకే పార్కులో గడ్డి కింద పడిపోయిన చిల్లర, మువ్వలు వెతకడం నాకిష్టం అంటే మా ఇంట్లోవాళ్లే మొదట్లో కంగారుపడ్డారు. పాత నాణేలు పోగుచేసే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. డబ్బిచ్చి కొన్న నాణెం కంటే మట్టిలోంచి నా చేత్తో తీసిన నాణెం మీద నాకు మమకారం ఎక్కువ. మన జిల్లాల్లో ఈ సరదా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

యంత్రం కొనేముందు చట్టం చదివాను. ఇది ఎవరైనా సరే మొదట చెయ్యాల్సిన పని. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్నది ఏ కాస్త విలువైనదైనా దాని ప్రకారం నిధే. విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అన్నది కలెక్టరుకు రాసి ఇవ్వాలి. ఆ రోజుల్లో పది రూపాయలంటే పెద్ద మొత్తమే. చట్టంలో అంకె మాత్రం మారలేదు. చెప్పకుండా దాచుకుంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇక ప్రాచీన కట్టడాల రక్షణ కోసం చేసిన 1958 చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న చోట్లు వేరే ఉన్నాయి. మన డెల్టాలో ద్రాక్షారామం భీమేశ్వరాలయం, ఆదుర్రు బౌద్ధ స్తూపం అలాంటివే. వాటి దరిదాపుల్లో నేను యంత్రాన్ని సంచిలోంచి కూడా తియ్యను.

అసలు డెల్టా నేలే అంత. నరసాపురంలో, పాలకొల్లులో డచ్చివాళ్లు వ్యాపారం చేశారు, యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్లున్నారు, ఆదుర్రులో వాళ్లందరికీ ఎన్నో వందల ఏళ్ల ముందే బౌద్ధులున్నారు. ఇక్కడ పాత దిబ్బ మీద ఇష్టం వచ్చినట్టు గొయ్యి తీస్తే, ఏ వస్తువు ఏ పొరలో ఉందన్న ఆధారం అక్కడికక్కడే చెరిగిపోతుంది. ఆ తవ్వకం తెలిసినవాళ్లు చెయ్యాలి. కొత్తవాళ్లకు పార్కే మేలు. మా ఊరి పార్కు ఒకప్పుడు పల్లం. బయట్నుంచి మట్టి తోలి మెరక చేశారు. కాబట్టి పైపొరలో ఉండేవన్నీ ఆ తర్వాత అక్కడ కూర్చున్నవాళ్లు, ఆడుకున్నవాళ్లు పారేసుకున్నవే.

పార్కు మున్సిపాలిటీది గనుక కమిషనర్ గారి పేరున అర్జీ రాశాను. యంత్రం ఫొటో, తవ్వే పనిముట్టు ఫొటో జతచేసి, ఇన్‌వార్డులో ఇచ్చి, నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర చాలా ముఖ్యం. తర్వాత ఎవరిని కలిసినా మాట దాంతోనే మొదలైంది.

"ఇలాంటి అర్జీ ఎప్పుడూ రాలేదు మాస్టారూ, ఏ సెక్షన్‌కి రాయమంటారు?" అని అక్కడి గుమాస్తా గారు నన్నే అడిగారు. చివరికి పార్కుల పని చూసేవాళ్ల దగ్గరికి పంపారు. కొన్నాళ్లకు కమిషనర్ గారే పిలిచి, "నిజంగానే బిందె తగిలిందనుకోండి, ఏం చేస్తారు?" అన్నారు. తవ్వడం ఆపేసి అక్కడే నిలబడి మీకు ఫోన్ చేస్తానండి, తర్వాత కలెక్టర్ గారికి రాసిస్తానండి అన్నాను. చట్టంలో ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లాను, అది కూడా చూశారు. ఉదయం ఎనిమిదింటి లోపే, జానెడు లోతు దాటకుండా, చెట్ల వేళ్లు, నీళ్ల పైపులు, దీపాల స్తంభాల దగ్గర తవ్వకుండా, దొరికిన ప్రతిదీ వాచ్‌మన్‌కు చూపించి పుస్తకంలో రాసేలా షరతులు పెట్టి సంతకం చేశారు. ఆ కాగితం జిరాక్సు స్టేషన్లో ఎస్సై గారికి కూడా ఇచ్చొచ్చాను. అడక్కుండా ముందే మనం చెప్పడం, తర్వాత ఎవరో ఫోన్ చేస్తే వాళ్లు రావడం, ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇక యంత్రం. కింద ఉండే గుండ్రటి కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహం ఉంటే దాంట్లో చిన్న కరెంటు పుట్టి తిరిగి సమాధానం చెబుతుంది. ఆ సమాధానం ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్నిబట్టి తెర మీద అంకె పడుతుంది. ఇనుముకు కింది అంకెలు, వెండికి, రాగికి పై అంకెలు. మధ్యలో ఉన్నదంతా చిక్కే. మాత్రల రేకు, పల్చటి బంగారం ఇంచుమించు ఒక్కచోటే పలుకుతాయి. బంగారం వదులుకోకూడదంటే రేకులన్నీ తియ్యాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

ఇనుము మోత వినపడకుండా చేసుకునే సదుపాయం ఉంటుంది. కొత్తవాళ్లు ముందు అది నొక్కేస్తారు. మన దేశంలో అది అంత మంచిది కాదని నా అభిప్రాయం. ఇప్పటి రూపాయి, రెండ్రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే స్టీలువి. రాజమండ్రి రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి గోదాట్లోంచి చిల్లర తీసేది అందుకే. యంత్రం కూడా వాటిని చాలాసార్లు ఇనుము కిందే లెక్కేస్తుంది. అందుకని నేను మోత ఉంచేసి, చెవితోనే తేడా పట్టడం నేర్చుకున్నాను. దానికి ముందు ఇంటి పెరట్లో రూపాయి, పాత అల్యూమినియం పది పైసలు, వెండి మువ్వ, మేకు, సీసా మూత వేర్వేరు లోతుల్లో పాతి, ప్రతిదాని మీదా కాయిల్ తిప్పుతూ విన్నాను. మూత అడ్డంగా పడి ఉంటే ఒక రకంగా, నిలువుగా ఉంటే ఇంకో రకంగా పలుకుతుంది. నాణెం అటునుంచి తిప్పినా ఇటునుంచి తిప్పినా అదే గొంతు.

పేరుపాలెం బీచికి కూడా తీసుకెళ్లాను. పొడి ఇసుకలో బాగానే పనిచేసింది. అల తగిలే తడి ఇసుకలోకి వెళ్లగానే ఏమీ లేకపోయినా కీచుమంది. ఉప్పునీరు కరెంటును మోస్తుంది, దానికి తోడు మన తీరంలో ఇనుము కలిసిన నల్ల ఇసుక. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే యంత్రంతో అక్కడ నేర్చుకోవాలని చూడకండి.

పార్కులో తవ్వడానికి మంచి కాలం వానలు పడి నాలుగు రోజులు తెరిపిచ్చాక. ఎండాకాలంలో మన బంకమట్టి నెర్రెలిచ్చి రాయవుతుంది, గడ్డి మళ్లీ బతకదు. బొరిగెతో మూడు వైపులా కోసి, నాలుగో వైపు వేళ్లు తెగకుండా గడ్డిని పెట్టె మూతలా వెనక్కి తెరుస్తాను. మట్టి మొత్తం పక్కన పరిచిన తువ్వాలు మీదికే. వస్తువు తీశాక మట్టి తిరిగి పోసి, మూత వేసి, కాలితో అదిమి, సీసాలో నీళ్లు పోస్తాను. వాకింగుకు వచ్చేవాళ్లు ఆగి చూసేది ఇక్కడే. "ఏంటండీ బాబూ, లంకెబిందెలేమైనా తగిలాయేంటండీ?" అని అడిగితే తువ్వాలు చూపిస్తాను. దాని మీద కాకరపువ్వొత్తుల తీగలు, చవితి పందిరి మేకులు, సోడా మూతలు, ఒక పది పైసల బిళ్ల ఉంటాయి. కూర్చుని చూసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో కొందరికి హెడ్‌ఫోన్ ఇచ్చి వినిపించాను.

అలా పరిచయమైన ఒకావిడ, రోజూ వాకింగు చేసే పెద్దావిడ, ఒకరోజు చెవి తడుముకుంటూ వచ్చారు. దిద్దు పడిపోయింది. వాళ్ల అమ్మగారిదట. ఆవిడ వ్యాయామం చేసిన గడ్డి గట్టు చుట్టూ పురికొస కట్టి, వరుసలుగా విడదీసి, ముందు రేకులు, మూతలు అన్నీ ఏరేశాం. అవి ఉండగా దిద్దు పలుకు వినపడదు. అవి పోయాక చాలా సన్నగా, కాయిల్ నేలకు ఆనించి తిప్పితేనే వినిపించేంత చిన్నగా ఒక చప్పుడు. అది మట్టిలో కూడా లేదు, గడ్డి దుబ్బు మొదట్లో ఇరుక్కుని ఉంది. తెల్లరాళ్ల మధ్య ఎర్రరాయి, మట్టి కూడా అంటలేదు. "నా తల్లే" అని ఆవిడ దిద్దునే కళ్లకద్దుకున్నారు. శీల మాత్రం దొరకలేదు. అంత చిన్నది ఈ యంత్రానికి అందదని చెప్పాను.

ఆ తర్వాత వాచ్‌మన్ పుస్తకం కమిషనర్ గారు చూశారట. గడువు తీరి కాగితం మళ్లీ రాయించుకోవడానికి వెళ్తే, పిల్లలు ఆడే ఉయ్యాలల దగ్గర ఇసుకలో మేకులు, బ్లేడు ముక్కలు చాలా దొరికినట్టు రాశారు కదా, అదంతా ముందు శుభ్రం చేసిపెట్టండి మాస్టారూ అన్నారు. మొదటిసారి ఆ ఇసుకలో బయటి అంచు మాత్రమే చూడమన్నారు. ఈసారి మొత్తం ఇచ్చారు. నెలకోసారి, పిల్లలు రాకముందు, పారిశుధ్య సిబ్బందిలో ఒకరు దగ్గరుండగా ఇసుక జల్లించాలి. మేకులు వాళ్ల బకెట్లోకి, మిగతావి పుస్తకంలోకి.