ప్రియదర్శిని పెట్టె

నిన్న రాత్రి అమ్మమ్మ పక్కన కూర్చుని 1957 నాటి మాయాబజార్ మళ్లీ చూశాను. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచే సీను రాగానే, ఎన్నోసార్లు చూసిన అమ్మమ్మ కూడా మాట ఆపేసి ముందుకు వంగింది. చూసేవాళ్లకు ఏది ఎక్కువ ఇష్టమో అదే చూపించే పెట్టె అది. ఆ పిల్లకు అందులో అభిమన్యుడు కనిపించాడు. ప్రేమిస్తున్నానని ఎవరికీ చెప్పక్కర్లేకుండానే విషయం మనకు తెలిసిపోయింది. ఇక ఆ ఇద్దరూ కలిసేదాకా మనకు నిద్ర పట్టదు.

నాలుగు నెలలుగా నేనొక ప్రేమకథతో కుస్తీ పడుతున్నాను. అందులో మూడు పేజీల నిండా హీరో తన ప్రేమ గురించే మాట్లాడతాడు. నా స్నేహితురాలు చదివి, "బాగుంది గానీ, వీళ్లు విడిపోయినా నాకేం టెన్షన్ లేదే" అంది. చాలా రోజులు బాధపడ్డాను.

ఇప్పుడు అర్థమైంది. నా కథలో అడ్డమే లేదు. అక్కడేమో పాండవుల రాజ్యం పోగానే శశిరేఖ తల్లి మనసు మార్చుకుని, దుర్యోధనుడి ఇంటి సంబంధం కావాలంటుంది. అలాంటి తల్లి మన వీధిలోనూ ఉంటుంది, అందుకే అంత భయం వేస్తుంది.

పొద్దున్నే ఆ మూడు పేజీలూ కొట్టేశాను. ఇప్పుడు అతను ఏమీ మాట్లాడడు. విజయవాడ బస్టాండులో ఆమె బస్సు కదిలేదాకా, తన బస్సు వదులుకుని నిలబడతాడు. కిటికీలోంచి ఆమె అది చూస్తుంది. చూసిందని అతనికి తెలియదు.