బొమ్మ గోడ

మన బడి ప్రేయర్ గ్రౌండ్ పక్కనున్న పొడవాటి గోడకి ఇప్పుడు లేత పసుపు ఎమల్షన్ రంగు ఉంది. దాని మీద నీలం అక్షరాలతో ‘నిశ్శబ్దం పాటించండి’ అని రాసి ఉంది. మా తర్వాత చదువుకున్నవాళ్లకి ఆ గోడంటే అంతే. మాకు మాత్రం అది బొమ్మ గోడ. ఎక్కడ కలుద్దామన్నా ‘బొమ్మ గోడ దగ్గర’ అనే అనుకునేవాళ్లం. మొన్నటి గెట్ టుగెదర్‌లో ఆ మాట అంటే చిన్న బ్యాచ్‌ల వాళ్లు “ఏ బొమ్మ?” అని అడిగారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆ బొమ్మ వేసింది మన డ్రాయింగ్ మాస్టారు. చేతులు మాత్రం మావి కూడా. పరీక్షలైపోయాక పని మొదలైంది. రంగులు ముట్టుకోనిస్తారని ఎగురుకుంటూ వెళ్తే, ముందు మా అందరితో గోడ గీకించారు. పాత పెచ్చులు రాల్చడం, గరుకు కాగితంతో రుద్దడం, పగుళ్లు పూడ్చడం, అవి ఆరేదాకా ఆగడం, ఆపైన ప్రైమర్. మాలో సగంమంది అక్కడే జారుకున్నారు. తర్వాత గడులు. మాస్టారి స్కెచ్ పుస్తకంలో అంగుళం గడి గోడ మీద అడుగు గడి అవుతుంది. రంగుపొడి పట్టించిన దారాన్ని అటొకరు ఇటొకరు బిగించి పట్టుకుంటే, ఆయన మధ్యలో ఎత్తి వదిలేవారు. గీత ఠప్పున పడేది. ఒక్కొక్కరికి కొన్ని గడులు పంచారు. మన గడిలో వస్తున్నది దేనిలో భాగమో మనకే తెలిసేది కాదు. నాకు వచ్చినవన్నీ ఆకులే. పక్కవాడికి ఒక చెవీ సగం భుజమూ వచ్చాయి, వాడి గర్వం చూడాలి!

పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే గోడంతా పరుచుకున్న పెద్ద చెట్టు. చెట్టు కింద మన బడి. నడిమధ్యన నిలబడ్డది హెడ్మాస్టరు గారు కాదు, చీపురు పట్టుకున్న ఆయమ్మ. అందరికన్నా పెద్ద బొమ్మ ఆవిడదే. ఆ పక్కన గంట కొట్టే అటెండరు, కుండల్లో నీళ్లు నింపే తాతా. టీచర్లందరూ కొమ్మల మధ్య చిన్నచిన్నగా ఉన్నారు. దీని అర్థమేమిటని ఎవరడిగినా మాస్టారు విడమరచి చెప్పలేదు. “పొద్దున్నే బడికి అందరికన్నా ముందు వచ్చేదెవరు?” అని ఎదురడిగేవారు. ఆయమ్మ అయితే కొన్నాళ్లు ఆ వైపు రావడానికే సిగ్గుపడింది. తర్వాత్తర్వాత ఆ గోడ ముందు మాత్రం తీరుబడిగా ఊడుస్తోందని మాకనిపించేది. మా ఊహే కావచ్చు.

పెద్దలకి అది మింగుడుపడలేదు. సరస్వతీదేవిని వేయించాల్సిందని ఒకరు, జాతీయ నాయకులేరీ అని ఇంకొకరు. బొమ్మ బాగాలేదని మాత్రం ఎవరూ అనలేదు. గోడ మీద ఎవరున్నారు, ఎంత పెద్దగా ఉన్నారు అన్నదే వాళ్ల బాధ. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో 1933లో గోడ బొమ్మ వేస్తున్న మెక్సికన్ చిత్రకారుడు డీగో రివేరాకి ఎదురైన గొడవ కూడా ఇలాంటిదేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆయన బొమ్మలో లెనిన్ ముఖం పెట్టాడు. తీసేయమన్నారు, తీయనన్నాడు. డబ్బులు చేతిలో పెట్టి పంపించేశారు, గోడకి గుడ్డ కప్పేశారు, 1934 ఫిబ్రవరిలో బొమ్మ మొత్తాన్ని పగలగొట్టేశారు. ఆయన సహాయకురాలు లూసియెన్ బ్లాక్ ముందే చాటుగా కొన్ని ఫొటోలు తీసి ఉంచింది. రివేరా మెక్సికో సిటీకి వెళ్లి అదే బొమ్మను మళ్లీ వేశాడు. అది ఇప్పటికీ అక్కడి లలితకళా భవనంలో ఉంది. మా బొమ్మకి అలా చాటుగా ఫొటో తీసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

గోడ బొమ్మలు ఎలా పాడవుతాయని అడిగితే అందరూ ముందు చెప్పేది పిల్లల రాతలే. మా గోడ మీద కూడా అవి వెంటనే మొదలయ్యాయి. రోల్ నంబర్లు, బాణం గుచ్చిన హృదయాలు, అటెండరుకి స్కెచ్ పెన్నుతో కొత్త మీసాలు. మాస్టారికి కోపం రాలేదని చెప్పను, వచ్చింది. కానీ దొరికినవాళ్లని ఆయన కొట్టలేదు. బ్రష్ చేతికిచ్చి, వాళ్లు గీసినంతమేరా వాళ్లతోనే సరిచేయించారు. అలా చేసినవాళ్లు తర్వాత ఆ గోడకి కాపలాదారులైపోయారు. 1984లో ఫిలడెల్ఫియా నగరం ఇదే పని పెద్ద ఎత్తున చేసింది. గోడల మీద రాతలు ఆపడానికి పెట్టిన కార్యక్రమంలోకి జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని తీసుకుంది. ఆవిడ ఆ రాతలు రాసే కుర్రాళ్లతోనే గోడ బొమ్మలు వేయించింది. ఇవాళ ఆ ఊరు గోడ బొమ్మలకే పేరుపడింది.

రాతల గురించి ఇంకొక మాట. అజంతా పదో గుహలో జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు సైనికాధికారి పేరు, 1819 ఏప్రిల్ తేదీతో సహా, పాత బొమ్మ మీద గీకి ఉంటుంది. ఆ గుహల సంగతి బయటి ప్రపంచానికి తెలిసేలా చేసింది ఈయనే, గీకిందీ ఈయనే! అప్పట్లో గుహలో మట్టి పేరుకుని ఉండేది, ఆయన దాని మీద నిలబడి రాశాడు. అందుకే ఆ పేరు ఇప్పుడు మన తలల కన్నా ఎత్తులో ఉంటుంది. చేసింది తప్పే. అయినా ఆ పేరు కింద బొమ్మ ఇంకా ఉంది. గీత పడ్డ బొమ్మ దెబ్బ తిన్న బొమ్మ, అంతే. కప్పేసిన బొమ్మ సంగతి వేరు. అక్కడ ఒక బొమ్మ ఉండేదన్న జ్ఞాపకం కూడా పోతుంది.

మా బొమ్మని పోగొట్టింది గీతలు కావు, శుభ్రత. మాస్టారు రిటైరయ్యాక తనిఖీ వస్తోందన్నారు. గోడ మరకలుగా ఉందన్నారు. ఇద్దరు కూలీలు సాయంత్రానికల్లా సున్నం కొట్టేశారు. ఎవరికీ ఆ బొమ్మ మీద పగ లేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. ఫైలు లేదు, తీర్మానం లేదు, మాస్టారికి ఒక కబురైనా లేదు. ఎమల్షన్ ఆ తర్వాతి కాలంలో వచ్చింది.

కళాకారుడికి చెప్పకుండా ఇలా చేయడం తప్పని కోర్టులు కూడా చెప్పాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పచిత్రం ఉండేది. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఆయనకు చెప్పకుండా ఊడదీసి గోడౌన్లో పడేశారు, ముక్కలు కొన్ని పోయాయి. ఆయన కేసు వేశాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని తీర్పు చెప్పింది. తన పనిని పాడుచేస్తే పరిహారం అడిగే హక్కు మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారుడికి ఇస్తుంది, ఆ పనిని అమ్మేసినా సరే. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల నిండా స్ప్రే బొమ్మలుండేవి. 2013 నవంబరులో యజమాని రాత్రికి రాత్రి తెల్లరంగు వేయించాడు. 21 మంది కళాకారులకి 67.5 లక్షల డాలర్లు కట్టమని 2018లో కోర్టు చెప్పింది. గ్రాఫిటీ అని కొందరు తీసిపారేసే బొమ్మలకే అది జరిగింది. సొంత గోడ అయినా కళాకారుడికి ముందు చెప్పి గడువివ్వాల్సిందని వాళ్ల చట్టం.

నేను బొమ్మలు వేయడం మన బొమ్మ గోడతోనే ఆగిపోయింది. భవనాల మరమ్మతుల పనిలోకి వచ్చాను. అందుకే ఈ సంచిక కమిటీకి ఒక విన్నపం చేస్తున్నాను. ఆ గోడ మీద పూర్వ విద్యార్థుల ఖర్చుతో కొత్త బొమ్మ వేయిద్దామనే ఆలోచన ఉందని విన్నాను. మంచిదే, కానీ ముందు అడుగున ఏముందో చూద్దాం. మాస్టారు వాడింది ఎనామెల్, అంటే నూనె రంగు. ఎనామెల్ నున్నగా ఉంటుంది, సున్నం దానికి గట్టిగా పట్టదు. ఆ సున్నం మీద వేసిన ఎమల్షన్ కూడా సున్నంతో పాటే పెచ్చులుగా లేస్తుంది. నేరుగా ఎనామెల్ మీద ఎమల్షన్ కొట్టి ఉంటే నాకింత ఆశ ఉండేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో సికేరోస్ అనే మెక్సికన్ చిత్రకారుడు 1932లో వేసిన గోడ బొమ్మను కొద్దికాలానికే సున్నంతో కప్పేశారు. 1960లు ముగిసేనాటికి ఆ సున్నం దానంతటదే రాలి బొమ్మ బయటపడసాగింది. రంగులు చాలావరకు వెలిసిపోయాయి. అయినా ఉన్నదాన్ని నిలబెట్టి 2012లో జనానికి చూపించారు.

గెట్ టుగెదర్ రోజున గోడ చివర వానపైపు పక్కన ఒక పెచ్చు లేచి ఉండటం చూశాను. లోపల ఆకుపచ్చ కనబడింది. ఎవరూ గోళ్లతో గీకకండి. తెలిసినవాళ్లని పిలిచి రెండు మూడు చోట్ల జానెడు మేర తీసి చూపిద్దాం, తీసే ముందు, తీశాక ఫొటోలు తీద్దాం. బొమ్మ రాకపోతే కొత్తది వేయించుకుందాం, వేసేవాళ్ల పేర్లూ సంవత్సరమూ గోడ మీదే రాయిద్దాం. పాతదైనా కొత్తదైనా ఆ వానపైపు మాత్రం ముందు బాగుచేయించాలి. అతుకు దగ్గర కారుతోంది, గోడ చెమ్మగిల్లి ఉప్పు పూస్తోంది. ఆ పని ఈ ఎండాకాలంలోనే అయిపోవాలి, అయ్యే ఖర్చులో నా వాటా ఇస్తాను.