మాస్టారి నడిగీత

పర్లాకిమిడిలో చదువుకున్నామని చెబితే చాలు, తెలుగువాళ్ళు ఎవరైనా గిడుగు రామమూర్తి పంతులుగారి మాట ఎత్తుతారు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళో చదువుకున్నామన్నది మనందరికీ గర్వమే. కానీ నా చేతికి బతుకుతెరువు చూపించింది మన డ్రాయింగ్ మాస్టారు. ఆయన పీరియడ్‌ని ఆటల పీరియడ్‌కి తోకలా చూసినవాళ్ళు మన బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. అందుకే ఆయన నేర్పినది ఎక్కడెక్కడ పనికొచ్చిందో కాస్త వివరంగా రాయాలనిపించింది.

నేను బరంపురంలో డిజైన్ పని చేస్తాను. షాపు బోర్డులు, పచ్చడి సీసాల లేబుళ్ళు, స్వీటు డబ్బాలు, పెళ్ళి కార్డులు. ఒకే బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ పడే ఊరు ఇది. ఇప్పుడు వచ్చే ప్రతి పార్టీ "త్రీడీలో కావాలి" అనే అంటారు. చదునుగా గీసిన బొమ్మకు లోతు తెప్పించడమే నా రోజువారీ పని.

మాస్టారు బోర్డు మీద ముందు నిలువుగా ఒక గీత గీసేవారు, గుర్తుందా? దానికి కుడిపక్కన చెంబు సగమే వేసేవారు. మూతి, మెడ, పొట్ట, అడుగు, అంతే. "మిగతా సగం మీరెయ్యండి. నడిగీత తప్పిందంటే చెంబు తూలిపోద్దిరా" అనేవారు. కంప్యూటర్ మీద బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో (ఇప్పుడు 3డీ క్లాసిక్ కింద ఉండే) రివాల్వ్ అనే ఎఫెక్ట్‌కు కావలసింది సరిగ్గా ఆ సగం చెంబే. మనం అంచు గీత ఒక్కటి ఇస్తే, దాన్ని నడిగీత చుట్టూ 360 డిగ్రీలు తిప్పి నిండు చెంబు చేసి చూపిస్తుంది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్ళు తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించి ఒంపులు తీసినట్టే ఉంటుంది. గీత ఏ అంచు చుట్టూ తిరగాలో మాత్రం మనమే చెప్పాలి. ఎడమకు బదులు కుడి అంచు ఇచ్చామా, పొట్ట ఉండాల్సిన చోట నడుం సన్నబడిపోయి, మెడ ఉండాల్సిన చోట లావెక్కుతుంది.

ఆ అంచు గీతను ముక్కలుగా విడదీసే పాయింట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. "చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో గియ్యి" అని మాస్టారు ఎందుకనేవారో నాకు పచ్చడి సీసా చేస్తున్నప్పుడు అర్థమైంది. గీతలో ప్రతి ముక్కా తిరిగాక విడిగా ఒక ఉపరితలం అవుతుంది. లేబుల్‌ని సింబల్‌గా దాచుకుని, వస్తువు మీద బొమ్మ అతికించే మ్యాప్ ఆర్ట్‌తో సీసాకు చుట్టేటప్పుడు, ఏ ఉపరితలం మీద అతకాలో ఎంచుకోవాలి. సీసా పొట్ట ఒకే ముక్కగా ఉంటే లేబుల్ చక్కగా కూర్చుంటుంది. అనవసరమైన పాయింట్లు ఉంటే ఆ పొట్టే మూడు నాలుగు పట్టీలుగా చీలిపోతుంది.

వెలుతురు సంగతీ అంతే. "కిటికీ ఎటుందో చూసి షేడింగ్ వెయ్యి" అనేవారు. ఇలస్ట్రేటర్‌లో కిటికీ బదులు ఒక చిన్న గోళం ఇస్తారు, దాని మీద దీపాన్ని మనకు కావలసిన చోటికి జరుపుకోవాలి. వెలుగు నుంచి నీడకు మారే మెట్లు మొదట్లో 25 ఉంటాయి. విజిటింగ్ కార్డుకు అవి చాలు. పెద్ద ఫ్లెక్స్ మీద మాత్రం చారలు తేలతాయి కాబట్టి పెంచుకోవాలి.

స్వీటు డబ్బాలకు లెక్కల క్లాసు కూడా కలిసొచ్చింది. సైన్ 60 విలువ 0.866 అని కంఠతా పట్టాం కదా. డబ్బా మూత, రెండు పక్కలు విడివిడిగా చదునుగా వేసుకుని, నిలువు కొలతను 86.602 శాతానికి తగ్గించి, 30 డిగ్రీలు వాల్చి, 30 డిగ్రీలు తిప్పితే మూడూ అతుక్కుని డబ్బా నిలబడుతుంది. ఎటు వాల్చాలి, ఎటు తిప్పాలి అన్నదే మూడింటికీ మారుతుంది. మూలమట్టాన్ని స్కేలు వెంట జరుపుతూ మాస్టారు వేయించిన పెట్టె ఇదే.

నాకు అన్నిటికన్నా కష్టమూ ఇష్టమూ తెలుగు అక్షరాలే. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో, లోతు తెప్పించే ఎక్స్‌ట్రూడ్ టూల్ పట్టుకుని లాగితే ఇంగ్లీషు అక్షరానికి వెంటనే గోడలు లేస్తాయి. మనవి అలా కాదు. డిజైన్ పనిలో వాడే అను తెలుగు ఫాంట్లలో తలకట్టు వేరు, గుడి వేరు, ఒత్తు వేరు. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అలాగే లాగితే ప్రతిదానికీ సొంత గోడ లేచి అక్షరం ముక్కలైపోయినట్టు కనబడుతుంది. ముందు అక్షరాలను కర్వ్స్ (మామూలు గీతలు) చేసి, విడదీసి, ముక్కలను కలిపే వెల్డ్‌తో ఒక్కటి చేసి, మూసుకుపోయిన కన్నాలను మళ్ళీ తొలవాలి. ఆ తర్వాతే లోతు. ఈ ఓపిక లేకుండా చేసిన తెలుగు బోర్డు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పక్కనే ఇంగ్లీషు పేరు అద్దంలా మెరుస్తుంటే మన అక్షరం అతుకులతో నిలబడటం ఏం న్యాయం?

ఇక మన ఊరి కొమ్ము కొంగ. గేదె కొమ్మును వేడిచేసి వంచి, నునుపుదేల్చి మనవాళ్ళు చేసే ఆ కొంగ రివాల్వ్‌కు లొంగదు, ఎందుకంటే దాని నడిగీతే వంకర. దానికి, రెండు ఆకారాల మధ్య వరసగా ఆకారాలు పుట్టించే బ్లెండ్ వాడాను. అడుగున పెద్ద వృత్తం, ముక్కు దగ్గర చిన్న వృత్తం పెట్టి, రెండిటికీ ఒకవైపు నుంచి వెలుతురు పడ్డట్టు రంగు నింపాను. మధ్యలో వందల వృత్తాలు పుట్టించి, కొంగ మెడలా గీసిన ఒంపు గీతను వాటికి వెన్నెముకగా మార్చాను. వరసలో నిలబడ్డ వృత్తాలన్నీ ఒంపు తిరిగి, సన్నబడుతూ అచ్చం కొమ్ములా నిగనిగలాడాయి. నడిగీత నిటారుగానే ఉండాలని మాస్టారు ఎప్పుడూ అనలేదు, తప్పకూడదని మాత్రమే అన్నారు.

ఈ సాఫ్ట్‌వేర్లలో మనం గీసే ఒంపు గీతల పుట్టుక కూడా చదును బొమ్మల కోసం కాదు. ఫ్రాన్స్ కార్ల కంపెనీ సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో, ఆ తర్వాత అక్కడిదే మరో కంపెనీ రెనోలో పియర్ బెజియే, కార్ల బాడీ ఒంపులను లెక్కగా రాయడానికి కనిపెట్టిన పద్ధతి అది. లోతున్న వస్తువు కోసం పుట్టిన గీతతోనే మనం మళ్ళీ లోతు తెప్పిస్తున్నాం.

అలాగని అన్నిటికీ లోతు తగిలించకూడదు. సవరల గోడబొమ్మలు సంచుల మీద వేయమని వచ్చిన ఒక పార్టీ, వాటినీ ఉబ్బెత్తుగా చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ మనుషులు, చెట్లు, ఏనుగులు గోడంతా పరుచుకుని ఉండటంలోనే వాటి అందం ఉంది. చివరికి చదునుగానే వేశాం, వాళ్ళకీ నచ్చింది.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు బడి కంప్యూటర్ గదిలో పిల్లలతో కూర్చుంటానని హెడ్మాస్టరుగారికి చెప్పాను. గీతబొమ్మలకు వాడే ఇంక్‌స్కేప్‌కు, త్రీడీకి వాడే బ్లెండర్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఇంక్‌స్కేప్‌లో గీసి ఎస్‌వీజీ ఫైలుగా దాచిన బొమ్మను బ్లెండర్ నేరుగా తెరుస్తుంది, అందులో మందం ఇవ్వొచ్చు, నడిగీత చుట్టూ తిప్పొచ్చు. మొదటి గంట మాత్రం కంప్యూటర్లు ఆన్ చేయం. బోర్డు మీద సగం చెంబు వేసి, మిగతా సగం వాళ్ళ చేత వేయిస్తాను. మన బ్యాచ్‌లో ఎవరి దగ్గరైనా మాస్టారు దిద్దిన పాత డ్రాయింగ్ పుస్తకం ఉంటే ఫొటో తీసి పంపండి, పిల్లలకు చూపిస్తాను.