డైనోసార్ కాదండీ, గుర్రం పన్ను

ఫ్లోరిడాలో మ్యూజియం ఉద్యోగం అనగానే మనవాళ్ళు "అయితే డైనోసార్లేనా?" అంటారు. ఇవి ఏ జంతువువో చెప్పమని డబ్బాల్లో ఎముకలు పట్టుకొచ్చే ఇక్కడివాళ్ళూ అదే ఆశతో వస్తారు. డైనోసార్ల కాలంలో ఈ నేల సముద్రం అడుగున ఉంది, వాటి ఎముకలు ఇక్కడ దొరకవు. ఆ ముక్క మొహం మీద కొట్టినట్టు కాకుండా చెప్పడం కూడా పనిలో భాగమే.

వాళ్ళు తెచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇక్కడి పీస్ నదిలో ఏరినవే. ఆ నది వేర్వేరు కాలాల పొరల్ని కోసి అంతా కలిపేస్తుంది. లక్షల ఏళ్ళ నాటి షార్క్ పన్ను, మంచుయుగపు గుర్రం పన్ను, మొన్నమొన్న చచ్చిన ఆవు ఎముక, అన్నీ ఒకే గులకరాళ్ళలో ఉంటాయి. నల్లగా ఉంది కాబట్టి పాతదే అనుకుంటారు. రంగు మట్టిలోని ఖనిజాల్ని బట్టి వస్తుంది, వయసుని బట్టి కాదు. లోపల బోలు లేకుండా రాయిలా బరువుగా ఉండే ముక్క చాలాసార్లు సముద్రపు ఆవు (నీళ్ళలో బతికే పెద్ద క్షీరదం) పక్కటెముకే.

పన్నయితే ముందు నమిలే వైపు తిప్పి చూస్తాను. గుర్రానిదైతే ఎనామెల్ (పన్ను మీది గట్టి పొర) మెలికలు మెలికలుగా తిరిగి ఉంటుంది. పై దవడది దాదాపు చతురస్రం, కింది దవడది సన్నగా పొడుగు. నెలవంకల్లాంటి గీతలు, ఒక పక్క మధ్యలో చిన్న స్తంభం లాంటిది కనిపిస్తే ఆవో, బైసనో (అమెరికా అడవి దున్న). ఆ రెండిట్లో ఏదో ఒక్క పన్నుతో తేల్చడం కష్టం. అందుకే చీటీ మీద "ఆవు లేదా బైసన్" అని రాసి ఊరుకుంటాం.

ఇలా ఊరుకోవడం నాకు ఇక్కడే అలవాటైంది. పెద్ద సారుకి తెలియనిది ఉండకూడదన్న వాతావరణంలో చదువుకున్నవాణ్ణి. మా బాస్ ఈ పనిలో తలపండిన మనిషి. అందరి ముందూ "నాకు తెలీదు" అనేసి కాఫీ తాగుతాడు, ఎవరూ చిన్నచూపు చూడరు. కొత్తవాళ్ళకి ఆయన చెప్పే కథ ఆస్‌బోర్న్ అనే పేరున్న శిలాజ శాస్త్రవేత్తది. నెబ్రాస్కాలో దొరికిన ఒకే ఒక్క అరిగిన పన్ను చూసి, 1922లో అది ఉత్తర అమెరికా వానరానిదని ఆ మహానుభావుడు ఏకంగా కొత్త పేరు పెట్టేశాడు. మళ్ళీ తవ్వి చూస్తే అది పెకరీ అనే పందిలాంటి జంతువుది. 1927లో ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నిజానికి నాకు టెన్షన్ పుట్టించేది పన్ను కాదు, "ఎక్కడ దొరికింది?" అన్నదానికి వచ్చే జవాబు. "తాతగారి సొరుగులో" అంటే ఇక చేసేదేం లేదు. ఎంత అందంగా ఉన్నా, ఏ పొరదో తెలియని పన్ను పరిశోధనకి పెద్దగా పనికిరాదు. అందుకే నదికి వెళ్ళేవాళ్ళకి దొరికిన చోటు అక్కడికక్కడే రాసుకోమంటాను. షార్క్ పళ్ళకి అక్కర్లేదుగానీ, ప్రభుత్వ భూముల్లో వెన్నెముక ఉన్న ఇతర జీవుల శిలాజాలు ఏరాలంటే పర్మిట్ కావాలని కూడా చెబుతాను.

అంతా విన్నాక చివర్లో "అమ్మితే ఎంతొస్తుంది?" అంటారు. మేం ధర కట్టం.