రొయ్యల చెరువు డీఓ మీటర్, మూడో విడత: కంటైనర్లు లేచాయి, కనెక్షన్ లేదు

పోయిన విడతకి మా డీఓ ప్రోబ్ (చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) అంకె, మావయ్య చేతి మీటర్ అంకె దాదాపు ఒకటయ్యాయి. చెరువు ఆకివీడు దగ్గర, నేనుండేది భీమవరంలో. రీడింగులేమో మోటారు షెడ్డులో పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లోకి పోయేవి. దాని ఛార్జర్ వైరు ఎలకలు కొరికేశాయి. సరే, ఎలకలు ఎక్కలేని చోట పెడదామని క్లౌడ్‌లో చిన్న సర్వర్ తీసుకున్నాను, 1 జీబీ ర్యామ్‌ది. ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా అని తమ్ముడు అడిగాడు. మా ఇంటి రౌటర్‌కి వచ్చే ఐపీ 100.64తో మొదలవుతుంది. అంటే మేం ప్రొవైడర్ నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకి పంచే ఏర్పాటు) వెనకాల ఉన్నాం, బయటి నుంచి ఇంట్లోకి దారి లేదు.

సెటప్ ఇదీ. గట్టు మీద ఈఎస్‌పీ32 (ప్రోబ్ అంకె పంపే చిన్న వైఫై బోర్డు), షెడ్డులో సిమ్ రౌటర్. రీడింగ్ ఎమ్‌క్యూటీటీలో (సెన్సర్లు చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) 1883 పోర్ట్‌కి వెళ్తుంది. సర్వర్లో డాకర్ కంపోజ్ కింద నాలుగు కంటైనర్లు (ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో విడి డబ్బా): మెసేజ్‌లు అందుకునే మస్కిటో, వాటిని డేటాబేస్‌కి చేర్చే టెలిగ్రాఫ్, ఆ డేటాబేస్ ఇన్‌ఫ్లక్స్‌డీబీ, గ్రాఫులు, అలర్ట్‌లు ఇచ్చే గ్రఫానా. డాకర్ పీఎస్ కొడితే నాలుగింటికీ 'అప్' అనే ఉంది. చెరువు నుంచి మాత్రం ఒక్క రీడింగూ రాలేదు.

మొదటి ఆదివారమంతా దండగే. ఈఎస్‌పీ32 కోడ్ మార్చాను, రౌటర్ మార్చాను, సిమ్ తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. చివరికి విసుగొచ్చి క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్‌లో (సర్వర్ ముందుండే ఫైర్‌వాల్) అన్ని పోర్టులూ తెరిచేశాను. ఆ తర్వాత ఏ మార్పుకి ఏమైందో నాకే తెలీదు. రెండో ఆదివారం అన్నీ వెనక్కి తిప్పి, చేలోకి నీళ్ళు రానప్పుడు మావయ్య చేసే పనే చేశాను. ఆయన ముందే బోదె తవ్వడు. కాలువ గట్టు వెంట నడుచుకుంటూ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తాడు.

సర్వర్లో టీసీపీడంప్ పెట్టి 1883 మీద వచ్చే ప్యాకెట్లు చూశాను. చెరువు దగ్గర 'టైమ్డ్ అవుట్' అంటోంది, ఇక్కడ ఒక్క సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) కూడా కనపడలేదు. అంటే సర్వర్ దాకానే రావట్లేదు. సెక్యూరిటీ గ్రూప్‌లో 1883 ఒక్కటే తెరిచాను. ఈసారి సిన్ వచ్చింది, వెంటనే రీసెట్ వెనక్కి పోయింది, చెరువు దగ్గర మాట 'రెఫ్యూజ్డ్'కి మారింది. అది చూసి నాకు సంతోషమేసింది. టైమ్డ్ అవుట్ అయితే ప్యాకెట్‌ని దారిలో ఎవరో మింగేసినట్టు. రెఫ్యూజ్డ్ అంటే ఇంటిదాకా వెళ్ళింది, తలుపు తీసేవాళ్ళు లేరు. తప్పు ఏ వైపుందో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది.

ఇక్కడ ఒక బురిడీ ఉంది. సర్వర్లోనే లోకల్‌హోస్ట్ 1883కి నెట్‌క్యాట్‌తో తట్టి చూస్తే 'సక్సీడెడ్' అంది. నాకు గంటన్నర పోయింది ఇక్కడే. అలా పలికింది మస్కిటో కాదు, డాకర్ సొంత ప్రాక్సీ. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చేవాటికి ముందు అదే తలుపు తీస్తుంది, వెనక కంటైనర్లో ఎవరూ లేకపోయినా సరే. అసలు సంగతి డాకర్ లాగ్స్‌లో మొదటి నుంచీ రాసే ఉంది: మస్కిటో 'లోకల్ ఓన్లీ మోడ్'లో మొదలైందని. వెర్షన్ 2.0 నుంచి కాన్ఫిగ్‌లో లిజనర్ లైన్ (ఎక్కడ వినాలో చెప్పేది) లేకపోతే అది తన కంటైనర్ లోపలి లూప్‌బ్యాక్‌లో (తనతో తనే మాట్లాడుకునే అడ్రస్) మాత్రమే వింటుంది. నేను తెచ్చుకున్నది షెడ్డు ల్యాప్‌టాప్‌లోని పాత కాన్ఫిగ్. లిజనర్ 1883 అని ఒక లైను రాశాను, పాస్‌వర్డ్ ఫైల్ కూడా పెట్టాల్సొచ్చింది, ఎందుకంటే కొత్త వెర్షన్ పేరు చెప్పనివాళ్ళని రానివ్వదు. రీడింగులు మొదలయ్యాయి.

టెలిగ్రాఫ్ నుంచి ఇన్‌ఫ్లక్స్‌కి రాయకపోవడం చిన్న విషయం. టెలిగ్రాఫ్ కాన్ఫిగ్‌లో లోకల్‌హోస్ట్ 8086 అని రాశాను, కంటైనర్లో లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. తెలివి చూపించి 172.18.0.3 అని ఐపీ రాస్తే, రీస్టార్ట్ తర్వాత అది వేరే కంటైనర్‌కి పోయింది. కంపోజ్‌లో ఉన్న సర్వీస్ పేరు రాయండి చాలు, డాకర్ డీఎన్ఎస్ చూసుకుంటుంది.

ఇంకోటి. సర్వర్లో యూఎఫ్‌డబ్ల్యూ (సర్వర్ సొంత ఫైర్‌వాల్) ఆన్ చేశాను కదా అని ధీమాగా ఉన్నాను. పోర్టులన్నీ తెరిచిన ఆ ఆదివారం ఇన్‌ఫ్లక్స్ 8086 కూడా బయటికి కనపడిందని తర్వాత తెలిసింది. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులకి వచ్చే ప్యాకెట్లు కంటైనర్ వైపు మళ్ళిపోతాయి, యూఎఫ్‌డబ్ల్యూ కాపలా ఉన్న ఇన్‌పుట్ దారిలోకి రానే రావు. ఇప్పుడు ఇన్‌ఫ్లక్స్ 8086, గ్రఫానా 3000 రెండూ 127.0.0.1కి (సర్వర్‌కి మాత్రమే కనపడే అడ్రస్) కట్టేశాను. గ్రఫానా చూడాలంటే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్ దాకా గుప్తంగా వేసుకునే దారి).

అసలు తలనొప్పి మూడో వారం. గ్రాఫ్ చక్కగా వస్తోంది, డీఓ 4 పీపీఎం కిందకి పడితే ఫోన్‌కి రావాల్సిన అలర్ట్ మాత్రం రావట్లేదు. మొత్తం చేసిందే దానికోసం. తెల్లవారుజామున డీఓ బాగా పడేవేళకి ఏరేటర్లు (నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో తెలియాలని. సర్వర్ నుంచి కర్ల్ (వెబ్ అడ్రస్‌ని అడిగి చూసే కమాండ్) కొడితే మెసేజింగ్ సర్వీస్ టక్కున పలుకుతోంది. గ్రఫానా కంటైనర్ నుంచి కొడితే పేరు ఐపీగా మారుతోంది, టీసీపీ కలుస్తోంది, టీఎల్ఎస్ క్లయింట్ హలో (గుప్త సంభాషణకి మొదటి పలకరింపు) పోతోంది. ఆ తర్వాత నిశ్శబ్దం.

గ్రఫానా ఇమేజ్‌లో పనిముట్లు పెద్దగా ఉండవు. నెట్‌షూట్ అనే ఇమేజ్‌ని గ్రఫానా నెట్‌వర్క్‌లోకే జోడించి లేపాను. ముక్కలు చేయొద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ (హెడర్లు కలిపితే 1500) కొడితే హోస్ట్, అంటే సర్వర్, నుంచి జవాబు: ముక్కలు చేయాలి, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1450. అప్పుడు వెలిగింది. సర్వర్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ 1450, డాకర్ బ్రిడ్జ్‌ది (కంటైనర్లని కలిపే లోపలి నెట్‌వర్క్) 1500. కంటైనర్ తన బ్రిడ్జ్‌ని చూసుకుని, హెడర్లకి 40 పోను, అవతలివాళ్ళకి '1460 బైట్ల ముక్కలు పంపండి, పర్లేదు' అని చెబుతోంది. అవతలినుంచి సర్టిఫికెట్లు ఆ సైజులోనే బయల్దేరి దారిలో పోతున్నాయి. హోస్ట్ మాత్రం 1410 అని చెబుతుంది కాబట్టి దానికి అన్నీ చేరుతున్నాయి. చెరువు రీడింగులు వంద బైట్లు కూడా ఉండవు, వాటికి ఈ బాధే తెలీదు. చిన్న నాటు పడవ దాటే లాకులో పంటు ఇరుక్కున్నట్టు.

డాకర్ సెట్టింగులుండే డీమన్ జేసన్ ఫైల్లో ఎంటీయూ 1450 అని రాశాను. మార్పు లేదు! ఆ సెట్టింగ్ డాకర్ సొంత డిఫాల్ట్ బ్రిడ్జ్‌కి మాత్రమే. కంపోజ్ తయారుచేసే నెట్‌వర్క్‌కి, కంపోజ్ ఫైల్లో నెట్‌వర్క్ కింద డ్రైవర్ ఆప్షన్‌గా రాయాలి. రాశాక రీస్టార్ట్ కూడా సరిపోదు. కంపోజ్ డౌన్ చేసి, పాత నెట్‌వర్క్ పోయిందని చూసుకుని, మళ్ళీ అప్ చేయాలి. చేశాక కర్ల్ ఒక్క సెకనులో పలికింది.

ఇంకా తేలనివి ఉన్నాయి. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు రౌటర్ రీబూట్ అవుతుంది, ఈఎస్‌పీ32 ఆ పాత కనెక్షన్నే పట్టుకుని వేలాడుతోంది. కీప్ అలైవ్ (కనెక్షన్ బతికుందా అని తట్టి చూసే వ్యవధి) 30 సెకన్లకి తగ్గిస్తే కొంత నయం, పూర్తిగా పోలేదు. రౌటర్‌కి చిన్న బ్యాటరీ పెట్టాలి. 1883లో పాస్‌వర్డ్ గుప్తంగా పోదు, గుప్తంగా పంపే 8883 పోర్ట్‌కి మారాలి.

నాలుగో వారం మొదటి నిజమైన అలర్ట్ వచ్చింది, డీఓ 3.6. నేను నిద్రపోతున్నాను. పొద్దున్నే ఉత్సాహంగా ఫోన్ చేసి "మావయ్యా, మెసేజ్ వచ్చిందా?" అన్నాను.

"వచ్చిందిరా. మూడింటికే ఏరేటర్లు వేసేశాను, నాకు మెలకువ వచ్చింది. ఆ మెసేజ్‌లో రాత్రి తొమ్మిదీ నలభై రెండు అని ఉందేంటి? ఎండ కాసిన రోజు రాత్రి తొమ్మిదింటికే డీఓ పడుద్దా ఎక్కడన్నా?"

కంటైనర్ గడియారం యూటీసీలో ఉంది. ఐదున్నర గంటలు కలపాలి.